సెలవుల్లో ఒడ్డు నుంచి గాలం: చోటు ముందు, కర్ర తరువాత

సముద్రపు ఒడ్డున నాలుగు రోజులు గడపబోతున్నవాళ్లు గాలం సంగతి ఎత్తితే మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ రాడ్ కొనమంటారు? ఎంత పొడవుండాలి, ఏ రీల్ బిగించాలి, ఎంత దూరం విసరవచ్చు? అడగవలసిన వరుసలో ఇది మూడో ప్రశ్న. మొదటిది ఎక్కడ నిలబడాలి, రెండోది ఎప్పుడు. ఈ రెండూ తేలితే ఎలాంటి కర్ర కావాలో దానంతటదే తెలిసిపోతుంది. తేలకుండా కొన్న కర్ర ఎంత మంచిదైనా గదిలో మూలకు ఆనించి ఉంటుంది.

సెలవు మీద వచ్చిన మనిషికి ఈ రోజు చేప పడకపోతే వచ్చే వారం చూసుకుందామనే వీలు లేదు. ఒడ్డునే ఉండేవాడికి ఆ వీలుంది. ఏ నెలలో ఏ చేప ఒడ్డుకు చేరుతుందో, ఏ గాలికి నీళ్లు బురదెక్కుతాయో అతనికి ఏళ్ల తరబడి ఒంటబట్టిన విషయం. మనకున్నది నాలుగైదు రోజులు. అందులో నిద్ర, భోజనాలు, పిల్లల పిచ్చుక గూళ్లు, ఒక పూట వాన తీసేస్తే గాలానికి మిగిలేది ఎనిమిదో పదో గంటలు. అందుకే కింద చెప్పే ఎంపికలన్నింటినీ నేను ఒకే కొలబద్దతో కొలుస్తాను: మన తెలియనితనాన్ని ఏది ఎక్కువగా భరిస్తుంది? ఆరితేరినవాడి చేతిలో అద్భుతంగా పనిచేసే సరంజామా మనకు అక్కరలేదు. కొత్తవాడి చేతిలో కూడా కాస్తో కూస్తో పనిచేసేది కావాలి.

ఎక్కడ నిలబడాలి

ఒడ్డు నుంచి గాలం వేయడానికి స్థూలంగా నాలుగు రకాల చోట్లుంటాయి: జెట్టీ (స్తంభాల మీద సముద్రంలోకి కట్టిన వంతెన) లేదా అలలకు అడ్డంగా పోసిన రాతి గట్టు, ఏరు సముద్రంలో కలిసే మొగ, ఇసుక తీరం, సహజమైన రాళ్ల తీరం. కొత్తవాళ్లకు నా సిఫారసు కూడా ఇదే వరుసలో.

జెట్టీకి మొదటి స్థానం ఎందుకంటే, అక్కడ లోతును వెతుక్కోనక్కరలేదు. నడిచి వెళితే చాలు, లోతు మన కాళ్ల కిందికి వస్తుంది. స్తంభాలకు గుల్లలు, నాచు పట్టి ఉంటాయి. వాటి కోసం పీతలు, చిన్న చేపలు చేరతాయి. వాటి కోసం పెద్దవి వస్తాయి. చిత్రమేమిటంటే, కొత్తగా వచ్చినవాళ్లు జెట్టీ చివరికంటా నడిచి, అక్కడి నుంచి కూడా భుజం నొప్పి పుట్టేలా దూరంగా విసురుతారు. చేపలేమో వాళ్లు దాటి వచ్చిన స్తంభాల నీడలో తిరుగుతుంటాయి. జెట్టీ మీద మొదటి గంట గాలాన్ని నిలువుగా కిందికి వదలండి. అడుగు తగిలాక ఒక మూర పైకెత్తి ఉంచండి. రాత్రి దీపాలున్న జెట్టీ అయితే వెలుగూ నీడా కలిసే గీత చూడండి. వెలుతురుకు చిన్న చేపలు మూగుతాయి, వేటాడే చేపలు ఆ గీతకు చీకటి వైపున కాచుకుని ఉంటాయి.

జెట్టీకి లోటు లేకపోలేదు. జనం ఎక్కువ, దారాలు చిక్కుపడతాయి, వెనక ఎవరున్నారో చూడకుండా విసిరితే గాలం మనిషికే తగులుతుంది. ఎత్తు మీద నుంచి పెద్ద చేపను దారంతో పైకి లాగబోతే సగంలో దారం తెగుతుంది. తాడుకు కట్టి దించే వల ఒకటి పక్కవాళ్ల దగ్గరైనా ఉందో లేదో ముందే చూసుకోవాలి. అయితే ఆ జనమే లాభం కూడా. పక్కవాళ్ల బకెట్‌లోకి ఒకసారి తొంగి చూస్తే ఏ చేప పడుతోందో, ఏ ఎర నడుస్తోందో, ఎంత లోతులోనో అర నిమిషంలో తెలుస్తుంది. మరే చోటా ఇంత చవగ్గా ఇంత సమాచారం దొరకదు.

మొగలు, ఉప్పుటేళ్లు రెండో స్థానంలో. పిల్లలతో వెళితే వీటినే మొదట పెడతాను. అలల హోరు ఉండదు, తేలికపాటి సరంజామా సరిపోతుంది, సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజు కూడా ఇక్కడ పని జరుగుతుంది. ఇక్కడ అంతా ప్రవాహం మీద ఆధారపడుతుంది. ఆటు మొదలై నీళ్లు సముద్రంలోకి దిగుతున్నప్పుడు లోపలి రొయ్యపిల్లలు, చిన్న చేపలు కొట్టుకువస్తాయి. పెద్ద చేపలు మొగ దగ్గర, వేగంగా పారే నీటికీ నిలకడ నీటికీ మధ్య అంచున నోరు తెరుచుకుని నిలుస్తాయి. వాటికి ఎదురీదే శ్రమ లేదు, తిండి నడిచి వస్తుంది. ఎరను సరిగ్గా ఆ అంచున జార్చగలిగితే చాలు. జాగ్రత్తలు రెండు. ఆటు సమయంలో బయటపడ్డ ఇసుక దిబ్బ మీదికి నడిచి వెళ్లి, పోటు తిరిగి వచ్చి వెనక దారి మూసుకుపోయాక గానీ తేరుకోనివాళ్లు ఉంటారు. ఉష్ణమండలంలోని కొన్ని మొగల్లో మొసళ్లుంటాయి; హెచ్చరిక పలక కనిపిస్తే అది అలంకారం కోసం పెట్టింది కాదు.

ఇసుక తీరం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బస పక్కనే ఉంటుంది కాబట్టి చాలామంది అక్కడే మొదలుపెడతారు, అక్కడే విసిగిపోతారు. పైకి చూస్తే మైళ్ల కొద్దీ ఒకేలా కనిపిస్తుంది. కానీ నీటి కింద అది చదును కాదు. ఒడ్డుకు సమాంతరంగా ఇసుక దిబ్బలు, వాటికీ ఒడ్డుకూ మధ్య కాలువల్లాంటి గాడులు ఉంటాయి. దిబ్బ మీద లోతు తక్కువ కాబట్టి అల అక్కడ విరిగి తెల్లబడుతుంది. గాడి మీద అల విరగదు, నీరు ముదురు రంగులో ఉంటుంది. అలలు తవ్విపోసే పురుగులు, చిన్న పీతలు, గుల్లలు ఆ గాడిలో చేరతాయి, వాటిని ఏరుకుని తినే చేపలూ అక్కడే తిరుగుతాయి. ఆ గాడి చాలా తీరాల్లో ఒడ్డుకు పాతిక ముప్పై అడుగుల నుంచి వంద అడుగుల లోపే ఉంటుంది.

ఈ సంగతి నాకు తెలిసిన తీరు కొంచెం సిగ్గుపడేదే. ఒక సెలవులో రెండు సాయంత్రాలు ఒళ్లంతా ఊగిపోయేలా దూరానికి విసిరాను, ఒక్క చేప తగలలేదు. మూడో రోజు ఆటు బాగా దిగినప్పుడు ఊరికే నడుచుకుంటూ వెళితే, నేను గాలం వేస్తూ వచ్చిన చోటు చీలమండ కూడా మునగని ఇసుక దిబ్బ వీపు. తెగిపోయిన నా సీసం (గాలం మునగడానికి దారానికి కట్టే బరువు) ఒకటి ఇసుకలో సగం కూరుకుని అక్కడే ఉంది. దానికీ ఒడ్డుకూ మధ్య నడుం లోతు గాడి. రెండు రోజులూ చేపల తలల మీదుగా విసిరానన్నమాట. అప్పటి నుంచి ఏ కొత్త తీరానికి వెళ్లినా మొదటి రోజు గాలం తీయను. నీళ్లు బాగా దిగే వేళ చూసుకుని తీరం పొడుగునా నడుస్తాను, గాడి ఎక్కడుందో, దిబ్బకు గండి ఎక్కడ పడిందో ఫోనులో ఫొటో తీసుకుంటాను. ఒడ్డున ఒక చెట్టునో గుడిసెనో గుర్తు పెట్టుకుంటే, పోటు వచ్చి అంతా మునిగాక కూడా ఎక్కడ విసరాలో తెలుస్తుంది.

దిబ్బల మధ్య గండి దగ్గర నీరు వెనక్కి, సముద్రంలోకి లాగుతూ ఉంటుంది. అల విరగని ముదురు చీలిక, దాని మీద సముద్రం వైపు సాగిపోయే నురగ, బురద: ఇవి దాని గుర్తులు. గాలం వేసేవాడికి దాని అంచులు మంచి చోటు. ఈత కొట్టేవాడికి అదే ప్రాణాంతకం. పైగా అలలు లేని చోటులా కనిపించి పిల్లలను అటే ఆకర్షిస్తుంది. గాలం కోసం తీరాన్ని చదవడం నేర్చుకున్న తల్లిదండ్రులకు పిల్లలు ఎక్కడ దిగకూడదో కూడా తెలిసిపోవడం నాకు నచ్చిన సంగతి.

రాళ్ల తీరాన్ని చివర పెట్టింది చేపలు తక్కువని కాదు. చాలా చోట్ల అక్కడే ఎక్కువ. కానీ తెలియనితనాన్ని రాళ్లు అసలు భరించవు. అలలు ఒకే కొలతలో రావు. పది నిమిషాలు చిన్నవి వచ్చి, ఆ తరువాత పెద్దవి నాలుగైదు వరసగా వస్తాయి. అందుకే కిందికి దిగే ముందు కనీసం పదిహేను ఇరవై నిమిషాలు పైనుంచి చూడాలి. తడిసి నల్లబడిన రాయి, నాచు పట్టిన రాయి అంటే అల అంతవరకూ వస్తుందని అర్థం, అక్కడ నిలబడకూడదు. సముద్రానికి వీపు తిప్పకూడదు. ఇరుక్కున్న గాలం కోసం, జారిన చేప కోసం నీటి అంచుకు దిగకూడదు. ఒంటరిగా వెళ్లకూడదు, తేలే జాకెట్ లేకుండా వెళ్లకూడదు. ఇన్ని కూడదులున్న చోటికి సెలవుల్లో వెళ్లాలా? ఆ తీరం తెలిసిన మనిషి పక్కన ఉంటే వెళ్లండి, లేకపోతే వద్దు.

మార్గదర్శిని డబ్బిచ్చి పెట్టుకోవాలా అనే ప్రశ్న కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. చాలామంది మూడు రోజులు సొంతంగా ప్రయత్నించి, విసిగి, చివరి రోజు మార్గదర్శిని పిలుస్తారు. అతను చూపించిన చోటు, కట్టిన కట్టు, చెప్పిన వేళ అన్నీ బాగా పనిచేస్తాయి. మరుసటి రోజు ఇంటి దారి. పెట్టుకునేటట్టయితే మొదటి రోజే సగం పూట పెట్టుకోండి. మిగిలిన రోజులు అతని పాఠంతో సొంతంగా గడుస్తాయి. వీలు లేకపోతే ఎర అమ్మే దుకాణంలో ఎర కొంటూ రెండు ప్రశ్నలు వేయండి. ఉత్త చేతులతో అడిగినప్పుడు రాని జవాబు ఎర పొట్లం చేతిలో ఉన్నప్పుడు వస్తుంది.

ఎప్పుడు

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల ఈ రోజు ఉదయం ఆరింటికి పోటైతే రేపు దాదాపు ఆరూ యాభైకి అవుతుంది. కొన్ని తీరాల్లో రోజుకు ఒక్కటే పోటు ఉంటుంది, అందుకే ఆ చోటికి సంబంధించిన పోటు వేళల పట్టిక చూడక తప్పదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటుకూ ఆటుకూ నీటి ఎత్తులో తేడా అన్నింటికంటే ఎక్కువగా ఉంటుంది.

పట్టికలో ఉండే గంటలు నీరు ఆగే గంటలు. మనకు కావలసింది నీరు కదిలే గంటలు. ఆరు గంటల పాటు ఎక్కే పోటును పన్నెండు భాగాలు చేస్తే, మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, చివరి గంటలో ఒకటి చొప్పున నీరు పెరుగుతుందని నావికుల పాత లెక్క ఒకటి ఉంది. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీరు కదులుతుంది. ఇసుక తీరానికి నేను పోటు ఎక్కే రెండో సగాన్ని, పోటు నిలిచాక మొదటి గంటను ఎంచుకుంటాను. మొగకు ఆటు మొదలైన రెండు మూడు గంటలు. జెట్టీ దీనిలోనూ ఉదారమైనదే, ఏ వేళ వెళ్లినా ఏదో ఒక చేప ఎరను అడుగుతుంది.

పొద్దుపొడుపు, పొద్దుగుంకు వేళలు చేపలకు తిండి వేళలని అందరికీ తెలుసు. చిక్కేమిటంటే అవి పోటుతో కలిసిరాకపోవచ్చు. తెల్లవారే వేళకు నీళ్లు చచ్చినట్టు నిలిచి ఉన్నాయనుకోండి. అప్పుడు వెలుతురును నమ్మాలా, ప్రవాహాన్నా? నీరు తేటగా, ఎండ చురుగ్గా ఉన్న చోట వెలుతురును నమ్ముతాను. పట్టపగలు తేట నీటిలో చేప ఒడ్డు దగ్గరికి రావడానికి జంకుతుంది. నీరు కొంచెం మసకగా ఉంటే ప్రవాహాన్ని నమ్ముతాను. రెండూ కలిసిన రోజు ఒక్కటైనా సెలవులో పడుతుంది. ఆ రోజు అల్పాహారం వదులుకోవడానికి ఇంట్లోవాళ్లతో ముందే ఒప్పందం చేసుకోండి.

ఏ కర్ర

దుకాణంలో తీరం వేటకు అంటే చూపించేవి పది నుంచి పదమూడు అడుగుల కర్రలు. నూరు గ్రాముల సీసాన్ని అలల అవతలికి విసరడానికి, దారాన్ని అలల నెత్తి మీదుగా ఎత్తి పట్టుకోవడానికి అవి పుట్టాయి. పెద్ద అలలున్న, గాడి దూరంగా ఉన్న తీరానికి అవి కావాల్సిందే. కానీ జెట్టీ మీద అవి పక్కవాళ్లకు ఇబ్బంది, మొగలో మోతబరువు, రైల్లో తలనొప్పి. ఇంకోవైపు ఆరేడు అడుగుల తేలిక కర్రలు జెట్టీకి, మొగకు హాయిగా ఉంటాయి, ఇసుక తీరంలో ప్రతి అలా దారాన్ని కొట్టి లాగేస్తుంది.

సెలవులకు నా ఎంపిక ఈ రెంటికీ మధ్యది: ఎనిమిది, తొమ్మిది అడుగుల స్పిన్నింగ్ రాడ్, నాలుగు ముక్కలుగా విడిపోయేది, ఇరవై నుంచి అరవై గ్రాముల వరకు విసరగలిగేది. ఎక్కువ ముక్కలుంటే కర్ర బలం తగ్గుతుందని ఒక పాత అభిప్రాయం ఉంది. ఇప్పటి కర్రల విషయంలో సెలవు వేటకు ఆ తేడా లెక్కలోకి రాదు. దానికి 4000 సైజు, అంటే మధ్యరకం, స్పిన్నింగ్ రీల్. ఇది ఏ చోటా అత్యుత్తమం కాదు, మూడు చోట్ల సరిపోతుంది. పెట్టెలో పడుతుంది కూడా. వాడని గొప్ప కర్ర కంటే ఇదే నయం.

చేతి గాలాన్ని తక్కువగా చూడకండి. ప్లాస్టిక్ చక్రానికో కర్ర ముక్కకో చుట్టిన నలభై యాభై మీటర్ల నైలాన్ దారం, ముప్పై గ్రాముల సీసం, రెండు కొక్కేలు. జెట్టీ మీద, పడవలు ఆగే గట్టు మీద ఇది రాడ్‌తో సమానంగా పట్టడం చాలాసార్లు చూశాను. చేప కొరకడం నేరుగా వేలికి తెలుస్తుంది. పిల్లలకు నేర్పడానికి ఇంతకు మించినది లేదు. దారం వేలికి చుట్టుకోకూడదని మాత్రం ముందు నేర్పండి. ఇసుక తీరంలో ఇది పనికిరాదు, అంత దూరం చేతితో విసరడం కష్టం.

అద్దెకు తీసుకోవడం మాటేమిటి? ఒక్క పూట సరదాకైతే అద్దే మేలు. తీసుకునే ముందు రీల్ తిప్పి చూడండి, ఇసుక కరకరలాడితే వద్దనండి. దారాన్ని గోటితో నొక్కుతూ రెండు మీటర్లు జార్చి చూస్తే గరుకు తెలుస్తుంది. డ్రాగ్ (చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుతో జారాలో నిర్ణయించే రీల్ మర) వదులు చేసి లాగితే దారం కుదుపులు లేకుండా రావాలి. మూడు పూటలకు మించి వేసేటట్టయితే సొంతంగా ఒక మధ్యరకం సరంజామా కొనుక్కోవడమే నయం. పాడైనదానితో పోరాడటంలో సెలవు గంటలు కరిగిపోతాయి.

కార్బన్ రాడ్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. ఉరుము వినిపిస్తే కర్ర దించి ఒడ్డు వదిలి వెళ్లాలి. కరెంటు తీగల కింద విసరకూడదు. ఇందులో ఎంపిక ఏమీ లేదు.

దారం, కట్టు, కొక్కెం

అల్లిక దారమా, నైలాన్ దారమా అని పెద్ద చర్చే నడుస్తుంటుంది. అల్లిక దారం సన్నగా ఉండి ఎక్కువ బలం ఇస్తుంది, సాగదు కాబట్టి దూరాన చేప ముక్కు తగిలినా తెలుస్తుంది, ఎక్కువ దూరం పోతుంది. కానీ రాతికీ గుల్లకూ తగిలితే ఇట్టే తెగుతుంది, గాలిలో ముడిపడితే విప్పడం ఒక పూట పని, వట్టి చేత్తో లాగితే వేలు కోస్తుంది. నైలాన్ సాగుతుంది, కొంచెం లావు. ఆ సాగడమే కొత్తవాడి తప్పులను కప్పిపుచ్చుతుంది: తొందరపడి గట్టిగా గుంజినా, డ్రాగ్ కాస్త బిగుసుగా ఉన్నా దారం తెగదు. నా కొలబద్ద ప్రకారం నైలానే, 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్ల మందం. రెండో మూడో సెలవుకు అల్లిక దారానికి మారవచ్చు.

దారం సన్నదైనప్పుడు బరువైన సీసాన్ని గట్టిగా విసిరితే ఊపుకే తెగిపోయి, సీసం బుల్లెట్‌లా ఎగిరిపోతుంది. జనం ఉన్న తీరంలో అది ఆట కాదు. అందుకే కొసన కర్రకు రెండింతల పొడవు మందపాటి దారం ముడివేస్తారు. దాని బలానికి ఒక మోటు లెక్క ఉంది: విసిరే ప్రతి 28 గ్రాములకు నాలుగున్నర కిలోలు. యాభై ఆరు గ్రాముల సీసానికి తొమ్మిది కిలోల దారం.

కట్టు, అంటే దారానికి సీసం, కొక్కేలు అమర్చే తీరు, విషయంలో రెండే గుర్తుంచుకుంటే చాలు. ఒకటి జారే సీసం కట్టు: సీసం దారం మీద అటూ ఇటూ జారుతుంది, చేప ఎరను పట్టి కదిలితే దానికి బరువు తెలియదు. అనుమానపు చేపలకు, నిదానమైన నీటికి, మొగకు ఇది బాగుంటుంది. రెండోది చివర సీసం, పైన పక్కకు కొమ్మల్లా కట్టిన రెండు పొట్టి దారాలకు కొక్కేలు ఉండే కట్టు: చిక్కుపడదు, రెండు రకాల ఎరలు ఒకేసారి పరీక్షించవచ్చు, సీసం బరువుకే చేప తనకు తాను గుచ్చుకుంటుంది. అలలున్న చోట, జెట్టీ మీద, మొదటి రోజు ఇదే కట్టండి. ఏ కొక్కేనికి చేప పడిందో చూస్తే అడుగున తిరుగుతున్నదా పైనా అన్నది కూడా తెలుస్తుంది.

సీసం ఆకారం ఇసుక మీద పిరమిడ్‌లా ఉంటే పాతుకుని నిలుస్తుంది, గుండ్రనిదైతే దొర్లుకుంటూ వచ్చి చేపలను వెతుకుతుంది. రాళ్లలోకి వేయాల్సివస్తే సీసాన్ని అసలు దారం కంటే సన్నని ముక్కతో కట్టండి. ఇరుక్కుంటే అది మాత్రమే తెగుతుంది, చేప మిగులుతుంది.

కొక్కేల సంఖ్యలు కొత్తవాళ్లను తికమకపెడతాయి. 8, 6, 4, 2, 1 అని సంఖ్య తగ్గే కొద్దీ కొక్కెం పెద్దదవుతుంది; అక్కడి నుంచి 1/0, 2/0 అని సంఖ్య పెరిగే కొద్దీ పెద్దదవుతుంది. సెలవుకు 6 నుంచి 1/0 వరకు నాలుగైదు సైజులు చాలు. అనుమానం ఉన్నప్పుడు చిన్నదే కట్టండి. చిన్న కొక్కేనికి పెద్ద చేప పడుతుంది గానీ పెద్ద కొక్కెం చిన్న చేప నోట పట్టదు. మామూలు కొక్కేనికి బదులు మొన లోపలికి తిరిగిన సర్కిల్ కొక్కెం అయితే ఇంకా మేలు. చేప మింగినా అది జారి వచ్చి నోటి మూలన పట్టుకుంటుంది, వదిలేయదలిస్తే చేప బతికే అవకాశం ఎక్కువ. ఒక్కటే నియమం: తగలగానే గుంజకూడదు. దారం బిగుసుకునేదాకా ఆగి మెల్లగా రీల్ తిప్పాలి. పాత అలవాటున్నవాళ్ల కంటే ఏ అలవాటూ లేనివాళ్లే దీనితో బాగా పడతారు.

ఎర: తినేదా, ఆడేదా

రొయ్య, స్క్విడ్ ముక్క, చేప ముక్క, సముద్రపు పురుగు, గుల్ల మాంసం ఒకవైపు. లోహపు స్పూన్లు (చెంచాలా మెరిసే రేకు ఎరలు), రబ్బరు చేపలు, నీటి మీద చిందులేసే చెక్క ఎరలు మరోవైపు. వాసన ఉన్న ఎరకు చేపే వెతుక్కుంటూ వస్తుంది. కృత్రిమ ఎరతో మనమే చేపను వెతకాలి: విసిరి, లాగి, నాలుగడుగులు నడిచి మళ్లీ విసరాలి. నీరు మసకగా ఉన్నప్పుడు, తుపాను గాలి తగ్గిన మర్నాడు, రాత్రిపూట వాసన గెలుస్తుంది. తేట నీటిలో, తెల్లవారు జామున, చిన్న చేపలు నీటి పైకి ఎగిరి చెల్లాచెదురవుతుంటే ఇరవై ముప్పై గ్రాముల లోహపు స్పూన్‌ను మించినది లేదు. పార లాంటి వేట చేపలు ఆ మెరుపును వదలవు.

సెలవులో మొదటి రెండు రోజులకు సహజమైన ఎరే. అది వేసి కూర్చుంటే పిల్లలతో మాట్లాడవచ్చు, సముద్రాన్ని చూడవచ్చు. జేబులో ఒక స్పూన్ మాత్రం ఎప్పుడూ ఉండాలి, చేపల గుంపు కళ్ల ముందు లేచినప్పుడు కట్టడానికి. సహజ ఎరల్లో రొయ్యను తినని చేప అరుదు, కానీ మెత్తన కాబట్టి పీతలూ పిల్ల చేపలూ రెండు నిమిషాల్లో లాగేస్తాయి. స్క్విడ్ గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది, అడిగే చేపలు కొంచెం తక్కువ. రెండు కొక్కేలకు రెండూ గుచ్చండి. ఎర నిలవకపోతే సన్నని సాగే దారంతో నాలుగు చుట్లు చుట్టండి.

ఎర దాచడం సెలవులో అసలు సమస్య. బస గదిలోని చిన్న ఫ్రిజ్‌లో రొయ్యల పొట్లం పెట్టి మరిచిపోతే ఆ సెలవు కుటుంబ చరిత్రలో శాశ్వతంగా నిలిచిపోతుంది. దానికి నేను పాటించే ఉపాయం ఉప్పు. ఒలిచిన రొయ్యలనో స్క్విడ్ పట్టీలనో రాళ్ల ఉప్పులో దట్టించి ఒక రాత్రి ఉంచితే నీరు వదిలి గట్టిపడతాయి. కొక్కేన్ని వదలవు, చల్లని చోట కొన్ని రోజులు నిలుస్తాయి. తాజా ఎరంత వాసన ఉండదు, కానీ తెల్లవారు జామున దుకాణం తెరవని వేళ చేతిలో ఎర ఉండటమే గొప్ప.

పడ్డాక

వదలడమా, తినడమా అన్నది చేప పడ్డాక ఆలోచించే విషయం కాదు. చాలా చోట్ల గాలానికి అనుమతి పత్రం కావాలి. కొన్ని చేపలకు కనీస పొడవు, రోజుకు ఇన్నే అన్న పరిమితి, కొన్ని నెలల్లో నిషేధం ఉంటాయి. ఒక దారానికి ఎన్ని కొక్కేలు కట్టవచ్చో కూడా కొన్ని చోట్ల నిర్దేశిస్తారు. వెళ్లే ముందే కనుక్కోండి. వదిలేటట్టయితే చేయి తడుపుకుని పట్టుకోవాలి, వేడి ఇసుక మీద పడేయకూడదు, కొక్కెం లోతుకు దిగితే పెరికే బదులు దారాన్ని దగ్గరగా కోసి వదలాలి.

పేరు తెలియని చేపను తినకూడదు, వట్టి చేత్తో పట్టుకోకూడదు. జెల్లకు వీపు మీద, రెండు పక్కలా ముళ్లుంటాయి, వాటికి విషం ఉంటుంది. కొరడా లాంటి తోకతో చదునుగా ఉండే టేకు చేప తోక ముల్లు అంతకంటే చెడ్డది. గుచ్చుకుంటే చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముల్లు లోపల ఉన్నా, గాయం ఛాతీకో పొట్టకో అయినా నేరుగా ఆస్పత్రికే. పొట్టను బంతిలా ఉబ్బించే పఫర్ చేప ఒడ్డు గాలాలకు తరచూ పడుతుంది. చాలా పఫర్ జాతుల్లో ఉండే విషం వండినా పోదు. జాగ్రత్తగా కొక్కెం విప్పి వదిలేయండి. ఉష్ణమండల పగడపు దిబ్బల దగ్గర పట్టిన పెద్ద వేట చేపల్లో కూడా వంటకు లొంగని మరో రకం విషం పేరుకుని ఉండవచ్చు. అక్కడ ఏది తినవచ్చో ఆ ఊరివాళ్లు చెప్పేదే వినాలి.

బసకు రాగానే రీల్ డ్రాగ్‌ను బిగించి, పైనుంచి మంచినీళ్లు మెల్లగా పోయండి. పంపుతో వేగంగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. స్పూన్లను కడగకుండా డబ్బాలో వేసి మూత పెడితే పొద్దునకు పక్కనున్న మంచివాటికి కూడా తుప్పు పడుతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి, రేపటి పోటు ఎన్నింటికో చూసుకుని, అలారం పెట్టుకోండి. ఈ రోజు కంటే యాభై నిమిషాలు ఆలస్యంగా.